టోపీ కింద చేయి

వాన పడే మధ్యాహ్నాల్లో ఆ దుకాణానికి బేరం ఉండదు. దుకాణమంటే వీధిలో షట్టరున్నది కాదు, ఇంటర్నెట్‌లో ఉన్నది. పసిపిల్లల ఊలు టోపీలు, మేజోళ్ళు, గుప్పిట్లో పట్టే స్వెట్టర్లు అమ్ముతారు. కొనేవాళ్ళంతా బాలింతలు. అర్ధరాత్రి బిడ్డకు పాలిస్తూ, ఖాళీగా ఉన్న చేత్తో ఫోను నొక్కుతూ ఆర్డర్లు పెడతారు. పగలు బిడ్డ పడుకోగానే వాళ్ళూ ఓ కునుకు తీస్తారు. అందుకే ఊరంతా సైటు మరమ్మతులు రాత్రిపూట చేసుకుంటే, చిన్నావిడ మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టింది.

చిన్నావిడ అంటే ఆ ఇంటాయనకి రెండో భార్య. ఆవిడ కాపురానికి రాకముందే పెద్దావిడ జబ్బుచేసి పోయింది. పోయినా, ఇంట్లో పిలుపు మారలేదు. పెద్దావిడ లేకపోయినా చిన్నావిడకి ప్రమోషన్ రాలేదు.

దుకాణం పెట్టింది పెద్దావిడే. ఊలు టోపీని ఉత్తగా బల్లమీద పెడితే గాలి తీసిన బెలూనులా పడి ఉంటుంది. బొమ్మ తలకి తొడిగితే జనం బొమ్మనే చూస్తారు. పెద్దావిడ ఒక ఉపాయం కనిపెట్టింది. ఎడమచేయి పిడికిలి బిగించి దానికి టోపీ తొడిగి, కుడిచేత్తో ఫొటో తీసేది. సరిగ్గా పసిబిడ్డ తలలా గుండ్రంగా నిలబడేది టోపీ. దాని కింద మణికట్టు. నున్నగా, సన్నగా, పచ్చని నరాలు లేతగా కనిపిస్తూ... ప్రతి ఫొటోలోనూ అదే చేయి.

ఇప్పుడు అల్లేది చిన్నావిడ. మెడ పట్టేసేదాకా అల్లేది, ప్యాక్ చేయించేది, చిరునామాలు సరిచూసేది చిన్నావిడ. కొన్నవాళ్ళు మాత్రం, "ఫొటోలో ఆ చేయి చూస్తేనే నమ్మకం కలుగుతుందండీ," అని రాస్తారు. ఒకసారి చిన్నావిడ తన ఎడమ పిడికిలికి టోపీ తొడిగి ఫొటోలు తీసింది. ఆయన చూసి, "నీ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె మచ్చ కనిపిస్తోంది. పాతవే ఉండనీ," అన్నాడు. ఆ మచ్చ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ కాలిందే.

అదీ ఓర్చుకుంది. కానీ ఒకరోజు ఆయన వెనక నుంచి వెళ్తూ ఫోనులోకి చూసింది. సొంత దుకాణమే తెరిచి ఉంది. టోపీ కాదు, దాని కింది మణికట్టు తెరంతా నిండేలా పెద్దది చేసి ఉంది. బొటనవేలితో దాన్ని మెల్లగా నిమురుతున్నాడు.

"ఏం చూస్తున్నారు?"

"స్పీడు," అన్నాడాయన ఉలిక్కిపడి. "మన సైటు మరీ నెమ్మదిగా వస్తోంది కదూ?"

"అవును," అంది చిన్నావిడ. "మార్చేద్దాం."

అబద్ధం చెప్పినందుకు ఆయన కాదనలేకపోయాడు. పైగా సైటు నెమ్మది అన్నది అబద్ధమూ కాదు. హోస్టింగంటే అద్దె ఇల్లు లాంటిదే. పెద్దావిడ చవగ్గా దొరికిందని ఒకే సర్వర్లో వందల దుకాణాలు కుక్కిన చోట దిగింది. పక్క దుకాణానికి జనం వస్తే వీళ్ళ దుకాణానికి ఊపిరి ఆడేది కాదు. సరుకులు, ధరలు, ఆర్డర్లు అన్నీ దాచే డేటాబేసు కూడా ముసలిదైపోయింది. అప్‌గ్రేడు చేసుకోండి, ఇక మేం భరించలేం అని కంపెనీ నుంచి మెయిళ్ళు వస్తున్నాయి.

పెళ్ళికి ముందు చిన్నావిడ కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసిన మనిషి. కొత్త చోట్లు నాలుగు వాకబు చేసింది. చవకదాన్ని చూడగానే పక్కన పెట్టింది. మరీ ఖరీదైనదాంట్లో ఏం చెడినా మనమే బాగుచేసుకోవాలట. చివరికి, మన గది మనకుండి, రోజూ బ్యాకప్ తీసి, ఫోను చేస్తే మనిషి పలికే చోటు ఎంచుకుంది.

"వదినా, కొత్తింటికి వెళ్తున్నాం," అని ముందు గదిలో పార్సెళ్ళు కడుతున్న ఆడపడుచుతో చెప్పింది.

"సామానంతా పట్టుకెళ్తున్నావా?"

"అక్కర్లేనిది వదిలేసి."

వదిన టేపు కత్తిరించి తలెత్తింది. "పోయినావిడతో పోటీ ఏమిటే నీకు? ఓడితే నగుబాటు. గెలిస్తే మరీ నగుబాటు."

చిన్నావిడ నవ్వేసి వెనక గదిలోకి వచ్చింది. గోడ పొడవునా అలమరాల్లో ఊలు ఉండలు. కిటికీ అవతల పక్కింటి గొట్టంలోంచి వాననీరు దూకుతోంది. లైటు వేసుకునేంత చీకటి, వేసుకోవాలనిపించనంత నిద్రమత్తు.

పని పద్ధతిగానే చేసింది. పాత చోట బ్యాకప్ తీసి విడిగా దాచింది. "మరమ్మతులు జరుగుతున్నాయి, కాసేపాగి రండి" అని దుకాణానికి బోర్డు పెట్టింది. సరుకంతా కొత్త సర్వరుకి చేర్చింది. డేటాబేసు అప్‌గ్రేడు అడ్డంకి లేకుండా సాగింది. వదినకి టీ కూడా ఇచ్చి వచ్చింది.

అప్పుడు తెరిచింది, దుకాణం తాళాలు, అంటే పాస్‌వర్డులు, ఉన్న మనుషుల జాబితా. రెండే పేర్లు. ఒకటి తనది. దాని పైన పెద్దావిడది. పోయిన మనిషి పేరు తీసేయడానికి ఇన్నాళ్ళూ ఎవరికీ చేతులు రాలేదు.

చిన్నావిడకి వచ్చాయి.

తీసేయమని నొక్కగానే సైటు ఒక ప్రశ్న వేసింది. ఈ మనిషి పేరిట ఉన్నవన్నీ ఏం చేయాలి? చెరిపేయాలా, ఇంకొకరికి అప్పగించాలా?

చెరిపేస్తే దుకాణమే పోతుంది. ప్రతి వస్తువూ, ప్రతి ఫొటో ఆవిడ పేరిటే ఉంది.

"అన్నీ నాకే," అనుకుంది చిన్నావిడ పైకే. తన పేరు ఎంచి నొక్కింది.

అంతే. జాబితాలో ఒక్క పేరు మిగిలింది. కడుపు నిండినట్టయింది.

పనంతా సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడానికి దుకాణం తెరిచింది. టోపీలు వరసగా వచ్చాయి. తెల్లవి, పసుపువి, చారలవి. అన్నీ గుండ్రంగా నిలబడే ఉన్నాయి. వాటి కింద చేయి లేదు.

ఒకటి నొక్కి పెద్దది చేసింది. టోపీ అంచు కింద వట్టి బల్ల. లోపల తల ఉన్నట్టే టోపీ ఉబ్బి ఉంది. ఇంకొకటి చూసింది. ఇంకొకటి. ఏ ఫొటోలోనూ చేయి లేదు. ఫొటోలు చెడిపోయాయేమో అనుకోవలసింది. అనుకోలేదు. ముందు సంతోషమే కలిగింది.

తర్వాత వాసన వచ్చింది.

కలరా ఉండల వాసన. ఊలుకి పురుగు పట్టకుండా పెద్దావిడ అలమరాల నిండా వేసేదట. చిన్నావిడ వచ్చిన వారంలోనే అన్నీ ఏరి పారేసింది. ఆ తర్వాత ఈ గదిలోకి ఒక్కటీ రాలేదు.

వెనక అలమరా దగ్గర... టిక్. టిక్. టిక్.

గొట్టం నీళ్ళేమో అనుకుంది. గొట్టం ఎదురుగా ఉంది. చప్పుడు వెనకనుంచి వస్తోంది. ఊలు సూదులు ఒకదానికొకటి తగిలే చప్పుడు ఆవిడకి తెలియనిది కాదు.

తల తిప్పలేదు. తెరవైపే చూసింది. తెర మీద ఒక టోపీ పేజీ దానంతటదే తెరుచుకుంది. పైన చిన్న అక్షరాలు.

ఈ వస్తువును ఇప్పుడు మీరు మారుస్తున్నారు.

చిన్నావిడ చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

ఫోను తీసి హోస్టింగు కంపెనీకి చేసింది. పలికినతను మర్యాదగా మాట్లాడాడు.

"చెప్పండి మేడం."

"మా దుకాణంలోకి... ఎవరో వచ్చారు," అంది గొంతు తగ్గించి.

"చూస్తానుండండి. ఎవరూ లేరు మేడం. మీరే రెండుసార్లు లాగినై ఉన్నారు."

"రెండోది ఎక్కణ్ణుంచి?"

"రెండూ ఒకే చోటు నుంచండి. మీ ఇంటి నుంచే." అవతల కీబోర్డు నొక్కిన చప్పుడైంది. "మీ పక్కన కూర్చుని ఇంకెవరైనా పనిచేస్తున్నారా?"

చిన్నావిడ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"మేడం? ఇంకో శబ్దం వినిపిస్తోంది. అల్లుతున్నారా?"

ఫోను పెట్టేసింది. వదినని పిలుద్దామనుకుంది. పిలిచినా ఏమని చెప్పాలి? దాచిన బ్యాకప్ గుర్తొచ్చింది. అది పెట్టేస్తే అంతా ఇందాకటిలా అయిపోతుంది. ఆ పేరు, ఆ చేయి, అన్నీ ఎక్కడివక్కడికి వెళ్ళిపోతాయి. వెళ్ళిపోనీ... ఆవిడవి ఆవిడే ఉంచుకోనీ. ఒంటిచేత్తోనే నొక్కింది. ఎడమచేయి ఎందుకో లేవడం లేదు. తిమ్మిరెక్కినట్టు ఒళ్ళో బరువుగా పడుంది.

తెర మీద పచ్చగీత మెల్లగా పాకింది. పాకినంతసేపూ వెనక టిక్... టిక్...

గీత చివరికి చేరింది. చప్పుడు ఆగింది.

ఫొటోలు తెరిచింది. ప్రతి టోపీ కిందా చేయి వచ్చేసింది. ఊపిరి పీల్చుకుంది. జాబితా చూసింది. రెండు పేర్లుండాలి. ఒక్కటే ఉంది. తనది.

మళ్ళీ ఫొటోల్లోకి వెళ్ళింది. ఒకదాన్ని తెరంతా నిండేలా చేసింది.

టోపీ కింద మణికట్టు. దాని మీద, కోసుగా, గోధుమరంగులో... ఇస్త్రీపెట్టె మచ్చ.

తర్వాతి ఫొటోలోనూ అదే మచ్చ. ఆ తర్వాతిదాంట్లోనూ. తను కాపురానికి రాకముందు తీసిన వాటిలోనూ.

చాలాసేపటికి గానీ తన ఒళ్ళోకి చూసుకోలేకపోయింది.

ఎడమచేయి పిడికిలి బిగించి ఉంది. నున్నగా ఉంది మణికట్టు. పచ్చని నరాలు లేతగా...

"అమ్మాయ్," అంది వదిన గుమ్మంలోంచి, ముక్కు ఎగబీలుస్తూ. "కలరా ఉండలు ఎవరు పెట్టారే?"

ఆయన వచ్చేసరికి వాన వెలిసింది. ఫోనులో దుకాణం తెరిచి, "భలే చేశావే, చకచకా వస్తోంది," అన్నాడు. తర్వాత మొహం చిట్లించాడు. "నీ మచ్చవి ఎందుకు పెట్టావు? పాతవే ఉండనీ అన్నానుగా." జవాబు కోసం చూడకుండానే ఫోను పక్కన పడేశాడు. చిన్నావిడ పక్కన సోఫాలో కూర్చున్నాడు. ఆవిడ ఎడమచేతిని చూస్తున్నాడు.

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన తనకై తాను ఆ చేయి పట్టుకున్నది లేదు. ఇప్పుడు రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. పిడికిలి దానంతటదే విచ్చుకుంది.

"ఎంత చల్లగా ఉందో," అన్నాడు గొణిగినట్టు. బొటనవేలితో మణికట్టును మెల్లగా నిమరసాగాడు.

చిన్నావిడకి ఆ స్పర్శ తెలియడం లేదు. భుజం నుంచి మోచేతి దాకానే తను. అక్కణ్ణుంచి అవతల వాళ్ళిద్దరూ ఉన్నారు. లాక్కోవాలని చూసింది. చేయి కదల్లేదు. ఇన్నాళ్ళూ తను ఎదురుచూసిన చూపు ఆయన కళ్ళల్లో ఉంది. అది తన మొహం మీద లేదు.

"వదిలేయండి," అంది మెల్లగా.

"నేనెక్కడ పట్టుకున్నాను?" అన్నాడాయన తలెత్తకుండానే, నవ్వుతూ. "నువ్వే వదలడం లేదు."

ఆయన వేళ్ళ మధ్య ఆ వేళ్ళు బిగుసుకుంటున్నాయి.