సంత్రాగాఛి పెట్రోలు దొంగ

…అయినా తాళంచెవి తన మొలతాడుకే ఉండగా దొంగ ట్యాంకు మూత ఎలా తీసినట్టు? గోవిందరాజు మెట్ల మధ్యలో ఆగి చొక్కా పైనుంచి నడుము తడుముకున్నాడు. చెవి ఉంది. అది ఉన్నందుకే ఆయన భయం ఇంకాస్త పెరిగింది. పోయి ఉంటే బాగుండేది, కథకు ఒక అర్థం ఉండేది. నిద్రలో మొలతాడు దాకా రాగల మనిషి ఇంట్లో ఒక్కరే. ఆలోచన అక్కడిదాకా వెళ్ళి, భార్య ముఖం చూసి, సిగ్గుపడి వెనక్కి తిరిగింది. దాని చోట బావమరిది గవరయ్య ముఖం వచ్చి నిలబడింది. ఈ ముఖంతో ఇబ్బంది లేదు. తొమ్మిది రోజులుగా దీని మీద కోపం అలవాటైపోయింది.

కింద హోమియోపతి మందుల కొట్టు, దాని ముందు మెట్రో రైలు కోసం తవ్విన గొయ్యి. గొయ్యి మీద వేసిన పలకలు దాటేటప్పుడు ఆయన దేవుణ్ణి తలుచుకున్నాడు. కలకత్తా భవానీపూర్‌లో ఒక తెలుగు డిటెక్టివ్ ఉన్నాడని రైల్వే యార్డులో ఎవరో చెబితే వచ్చాడు.

గదిలో ఇద్దరున్నారు. కుర్చీలో ఉన్న సన్నటి మనిషి కోదండం. నేరాలు అరుదుగా దొరకడం వల్ల ఆయన ఎక్కువగా పెళ్ళికొడుకుల గుణగణాలు విచారించి బతుకుతున్నాడు. కిటికీ దగ్గర పీట మీద కూర్చున్నది ఆయన అసిస్టెంటు అప్పాయమ్మ. ముప్పయ్యేళ్ళు కార్పొరేషన్ వీధులు ఊడ్చి రిటైరైంది. ఆమెకు రాయడం రాదు, అందువల్ల ఏదీ మరిచిపోదు. కోదండం టీ చల్లారిందని అన్నా అదొక పరిశోధన ఫలితమన్నట్టు ఆయన వంక చూస్తుంది.

గోవిందరాజు సంత్రాగాఛి యార్డులో గూడ్సు గుమాస్తా. రిటైరైన ఒక ఇంజను డ్రైవరు దగ్గర మూడేళ్ళ క్రితం పాత మోటారు సైకిలు కొన్నాడు. అందరూ వద్దన్నారు. కొన్న రోజు భోజనాల దగ్గర ఆయన లేచి నిలబడి, ఈ బండికి వంక పెట్టినవాడు తన గడప తొక్కనక్కర్లేదని చెప్పాడు. అప్పటినుంచి ఎవరూ వంక పెట్టలేదు. ఈ వర్షాకాలం నుంచి మాత్రం పెట్రోలు పోతోంది. ఆయన రోజూ పొద్దున్న ట్యాంకులో వెదురు పుల్ల ముంచి చూస్తాడు. రెండేసి వేళ్ళు తగ్గుతోంది. మూతకు తాళం వేయించాడు. దొంగ కింద గొట్టం లాగి తీస్తున్నాడేమోనని దానికి పురికొస చుట్టాడు. పురికొస కదలలేదు, పెట్రోలు ఆగలేదు.

"రోజూ పోతోందా?" అన్నాడు కోదండం.

"సోమ, మంగళ, బుధ. మిగతా దినాలు ముట్టడు."

"ఎవరు?"

"గవరయ్య. మా ఆడదాని తమ్ముడు. ఖిదిర్‌పూర్ డాకులో, ఓడల కాడ, కూలీ ముఠాలో ఉన్నాడు. బుధవారం సాయంత్రం సెలవని అక్కని సూడ్డానికి వొస్తాడు. పక్కింటి దాలమ్మ సూసింది, బండి కింద ఎల్లకిలా పడుకుని సెయ్యి పైకెట్టి ఏటో సేస్తన్నాడట. అదొకటే కాదు. వాకిట్లో మా బొగ్గు పొయ్యిని తీసుకెళ్ళి పెరట్లో పెట్టీసినాడు. దొంగతనానికి దారి సేసుకున్నాడు."

గడప తొక్కొద్దని ఆయన గవరయ్యకు చెప్పి తొమ్మిది రోజులైంది. ఆ రోజు నుంచీ భార్య సన్యాసమ్మ ఆయనతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి గోడ వైపు తిరుగుతోంది. ఇవాళ నాలుగు గంటలకు థానా బడాబాబుకు, అంటే పోలీసు ఇన్‌స్పెక్టరుకు, ఫిర్యాదు ఇవ్వాలి. కాగితం జేబులోనే ఉంది. సాక్ష్యం లేకుండా తీసుకోనన్నాడాయన. ఫిర్యాదు నమోదైతే పోలీసులు డాకుకు వెళతారు. పోలీసులు అడిగిన కూలీని ముఠా మేస్త్రీ మర్నాడు పిలవడు. అది గోవిందరాజుకు తెలుసు. తెలిసే వచ్చాడు.

"ఈ బుధవారం అతను రాలేదు. పెట్రోలు ఆగిందా?"

గోవిందరాజు కాస్త తడబడ్డాడు. "లేదు. నిన్నా పోయింది, ఈ దినమూ పోయింది. పగ పట్టినాడు."

"అంటే అతను వచ్చాక నాలుగు రోజులు దొంగతనం ఉండదు. రాకపోతే రోజూ ఉంటుంది. ఇటువంటి దొంగని ఇంట్లో పెట్టుకుని పోషించాలి." కోదండం చెప్పులు తొడుక్కున్నాడు. "ఆదివారం మీరేం చేస్తారు?"

"బండి కడుగుతాను."

అప్పాయమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కోదండం వంక చూసింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, అయినా తృప్తిగా ఉంది. ఆయన ఆమెను డాకుకు పంపి గవరయ్యను పిలుచుకు రమ్మన్నాడు. తను గోవిందరాజుతో బస్సెక్కాడు.

రెండు గంటలకు రైల్వే క్వార్టర్ల వాకిట్లో అందరూ చేరారు. దాలమ్మ తన పీట తనే తెచ్చుకుంది. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి గోడ వైపు చూస్తోంది. గవరయ్య సైకిలు వెనక అప్పాయమ్మను ఎక్కించుకుని వచ్చి వెదురు కంచె అవతలే ఆగిపోయాడు. నలభయ్యేళ్ళ బలమైన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. రాకూడదన్న చోటుకు రానన్నాడు. వాకిలి గడప కిందికి రాదని కోదండం తీర్పు చెప్పాక లోపలికి వచ్చాడు, కానీ రెండడుగులే.

బండి, యార్డు నుంచి తెచ్చిన బొగ్గు బూడిద పోసిన నేల మీద నిలబడి ఉంది. పెట్రోలు వాసన వస్తోంది. ఎప్పటినుంచి ఈ వాసన అని కోదండం అడిగాడు. బండి అన్నాక వాసన ఉంటుందని గోవిందరాజు అన్నాడు. ఆ వాసన ఆయనకు గర్వం లాంటిది, ముక్కు దాన్ని లెక్కచేయడం మానేసి చాలా కాలమైంది. అది ఆషాఢం నుంచి ఎక్కువైందని సన్యాసమ్మ గోడకు చెప్పింది.

కోదండం ట్యాంకు చుట్టూ తిరిగాడు. తర్వాత బూడిదలో మోకరిల్లి కింద నుంచి చూశాడు.

"ఎడమ పక్క అద్దంలా ఉంది, గోవిందరాజు గారూ. కుడి పక్క అడుగున నెలల తరబడి మురికి. ఆ మురికి మధ్యలో బొటనవేలంత చోటు మాత్రం శుభ్రంగా ఉంది. మీ గుడ్డ ఇటెందుకు రాదు?"

"వొంగితే నడుం నొప్పి."

"ఎడమ పక్క వంగితే రాదేం?"

గోవిందరాజు మనసులో ఏదో ఒక పొద్దుటి పూట తెరుచుకుంది. బండి తుడుస్తున్న కుడి చేతి వేలి కొస తడిగా ఉంది. ఆ వేలు ముక్కు దాకా వెళ్ళలేదు. ప్యాంటుకు రాసుకుంది. ఆ తర్వాత ఆ వేలు ఎప్పుడూ ఆ పక్కకు పోలేదు. అప్పుడు ఆయన ఏమీ నిర్ణయించుకోలేదు. చెయ్యే నిర్ణయించుకుంది.

కోదండం ఆ శుభ్రమైన చోటు తుడిచి, సన్యాసమ్మ ముఖానికి రాసుకునే పౌడరు తెప్పించి అద్దాడు. కింద పరచడానికి తెల్ల కాగితం కావాలన్నాడు. ఎవరి దగ్గరా లేదు. గోవిందరాజు జేబులో ఫిర్యాదు ఒక్కటే ఉంది. అప్పాయమ్మ చెయ్యి చాపి నిలబడింది. ఆమె చెయ్యి దించదని తెలిశాక ఆయన ఇచ్చాడు.

అందరూ ట్యాంకు అడుగు వైపు వంగి చూస్తూ కూర్చున్నారు. యార్డులో ఒక గూడ్సు బండి పెట్టెలు తగిలించుకుని కదిలి వెళ్ళింది. పౌడరులో సన్నటి నల్ల గీత మొదలైంది. గీత చివర ఒక చుక్క పెరిగింది, ఆలోచించుకుంది, రాలి కాగితం మీద పడింది.

"ఇదీ దొంగ," అన్నాడు కోదండం. "సూది మొనంత చిల్లు. ట్యాంకులో పెట్రోలు కింద నీళ్ళు చేరతాయి, అవి చేరిన చోట రేకు తుప్పు పడుతుంది. అప్పాయమ్మా, బట్టల సబ్బు."

అప్పాయమ్మ సబ్బు బిళ్ళ తెచ్చి చిల్లు మీద గట్టిగా రాసింది. చుక్క ఆగింది. అయిదు నిమిషాలు చూశారు. రాలేదు.

"సబ్బు పెట్రోలులో కరగదు. అందుకే మెకానిక్కులు తాత్కాలికంగా ఇది రాస్తారు. ఇప్పుడు ఆదివారం చేద్దాం." ఆయన చెంబుతో ట్యాంకు మీద నీళ్ళు పోశాడు. ఒకటి, రెండు, మూడు చెంబులు. తెల్లటి నురగ జారింది. నీళ్ళు ఆరేదాకా ఆగి తుడిచి, మళ్ళీ పౌడరు అద్దాడు. మళ్ళీ గీత, మళ్ళీ చుక్క.

"బుధవారం ఒకరు చిల్లు మూస్తున్నారు. ఆదివారం మీరు భక్తిగా కడిగి తెరుస్తున్నారు. మూడు రోజులు కారుతోంది, కారింది ఈ బూడిద తాగేస్తోంది. మళ్ళీ బుధవారం వస్తోంది. ఈ ట్యాంకుకు రెండు బారల దూరంలో మీ ఆవిడ రోజూ బొగ్గు పొయ్యి రాజేసేది. ఆ పొయ్యిని పెరట్లోకి మార్చింది కూడా ఆ మనిషే."

సన్యాసమ్మ గోడ వైపు చూడటం మానేసింది.

దాలమ్మ పీట మీద సర్దుకుని, గవరయ్య కింద పడుకున్నాడని మాత్రమే తాను చెప్పాననీ, దొంగ అన్నది తను కాదనీ చెప్పుకుంది. ఎవరూ వినలేదు. అందరూ గవరయ్యను చూస్తున్నారు. అతను తప్పు చేసి దొరికినవాడిలా నేల చూస్తున్నాడు.

"ముందే సెప్పొచ్చు కదరా," అన్నాడు గోవిందరాజు.

"బండికి వొంక పెడితే గడప తొక్కొద్దన్నావు కద బావా," అన్నాడు గవరయ్య. "నాను రాకపోతే సబ్బెవుడు రాస్తాడు?"

కోదండం మోకాళ్ళ బూడిద దులుపుకున్నాడు. పదేళ్ళలో ఇది తన మూడో అసలైన కేసని, ఇందులో నేరం లేదని ఆయనకు కొంచెం దిగులుగా ఉంది. ఇంట్లో ఏదైనా తరిగిపోతుంటే మనిషి ముందు దొంగనే వెతుకుతాడని, దొంగ దొరికితే వస్తువు మీద ప్రేమ చెక్కుచెదరదని ఆయన తనలో తను అనుకున్నాడు. అప్పాయమ్మ అది కూడా విన్నట్టు తలాడించింది.

"అప్పాయమ్మత్తా," అంది సన్యాసమ్మ, "ఎంతమందికి ఎసరెట్టాలో ఆ మనిషిని అడుగు."

ఆ మనిషి, ఆమె మొగుడు, పక్కనే ఉన్నాడు. అప్పాయమ్మ అడగకుండానే అయిదు వేళ్ళు చూపించింది. దాలమ్మ చూస్తూ ఉండటంతో ఆరోది కూడా ఎత్తింది.

ముందు ట్యాంకు పని చూడాలన్నాడు కోదండం. సబ్బుతో ఎన్నాళ్ళు? పెట్రోలంతా డబ్బాలోకి వంపి, ట్యాంకు ఊడదీసి, నీళ్ళతో బాగా కడిగించాడు. లైను అవతల ఇత్తడి అతుకు వేసే బెంగాలీ దాదా ఉన్నాడని, లోపల నీళ్ళు నింపాకే మంట పెట్టమని చెప్పమని, లేకపోతే ట్యాంకూ దాదా కూడా మిగలరని హెచ్చరించాడు. కొట్టు అయిదింటికి మూసేస్తారు.

గవరయ్య కంచె అవతలికి వెళ్ళి సైకిలు తెచ్చాడు. ఎక్కి, ఒక కాలు నేల మీద ఆన్చి, వెనక్కి చూడకుండా ఆగాడు. గోవిందరాజు ఒట్టి ట్యాంకు పొట్టకు అదుముకుని నిలబడ్డాడు. నోట్లో ఒక మాట ఉంది. తొమ్మిది రోజుల కోపానికి సరిపడా పెద్దది, ఎటు తిప్పినా బయటికి పట్టడం లేదు. దారిలో యార్డు ఆఫీసు ఉంది. ఈ వేళకు అందరూ టీ కోసం బయటే ఉంటారు. మూడేళ్ళుగా హారన్ కొడుతూ వెళ్ళిన దారి. నడిచి వెళ్ళొచ్చు కూడా, అరగంట పడుతుంది.

"బావా, బేగి," అన్నాడు గవరయ్య ముందుకే చూస్తూ.

గోవిందరాజు క్యారియరు మీద పక్కకు కూర్చుని, ట్యాంకు ఒళ్ళో పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో బావమరిది నడుము పట్టుకున్నాడు.