స్టెంటు లోపలి చీకటి

"ఈసారి నీకు తుపాకీ లేదు జయదేవ్. నీ గుండెలో ఉన్న స్టెంటే మన ఎర!"

ఆటోనగర్‌లో ఓ లారీ షెడ్డు వెనక నిలబడి చీఫ్ శేషగిరిరావు 'ఆపరేషన్ దివిటీ' వివరించాడు. గుణదల ల్యాబ్‌లో కొత్త ఎంఆర్ఐ పద్ధతి సిద్ధమైంది. మామూలు స్కాన్‌లో స్టెంటు ఉన్నచోట నల్లమచ్చే పడుతుంది. లోపల రక్తం పారుతోందో, గడ్డ కట్టిందో దేవుడికే తెలియాలి. కొత్త పద్ధతి ఆ చీకట్లోకి చూస్తుంది. దాన్ని చవగ్గా కొట్టేయాలని ఓ విదేశీ ముఠా కాచుక్కూర్చుంది. మొదటి పేషెంటు లోపలుండగా మిషన్ రేడియో తరంగాల పవర్ పెంచేస్తే స్టెంటు కాగిపోతుంది. మనిషీ పోతాడు, పద్ధతి పరువూ పోతుంది.

"మిషన్ నడిపేది వాళ్ల ఏజెంటే. రాగిణి."

రాగిణి జయదేవ్ పార్ట్‌నర్ శరత్‌చంద్ర భార్య. రెండేళ్ల కిందట శరత్ స్కాన్‌లోనూ ఆ నల్లమచ్చే. అందులో దాక్కున్న గడ్డే వాడి ప్రాణం తీసింది. ఆ ఫిల్ము ఇప్పటికీ కళ్లు మూస్తే చాలు, ఎదురొచ్చి నిలబడుతుంది.

"చేతిలో రబ్బరు బంతి పెడతారు. ఒళ్లు కాలుతున్నట్టుంటే నొక్కు. మనవాళ్లు ఆమెను కాల్చేస్తారు."

మర్నాడు మెకానిక్ జక్కయ్య వేషంలో, పెట్టుడు గడ్డంతో బల్లమీద పడుకున్నాడు జయదేవ్. గాజు అవతల, సర్వీస్ ఇంజనీరు కోటులో ఎవడో తెల్లోడు నిలబడి ఉన్నాడు. రాగిణి బంతి అందించడానికి వంగింది. మెడలో కొత్త పసుపుతాడు! అయస్కాంతం గదిలో పనిచేసే ముత్తైదువలు తాళి తీసిపెట్టి పసుపుతాడు కట్టుకోవడం అక్కడ మామూలే. మరి మొగుడు పోయిన మనిషికెందుకు?

బల్ల లోపలికి జరిగింది. దడదడమని మోత. ఆ మోతలో జయదేవ్‌కు శరత్ దగ్గు వినిపించినట్టయింది. ఛాతీ వెచ్చబడుతోంది. పవరా, భయమా? అడకత్తెరలో పోకచెక్కంటే ఇదే. వేళ్లు బంతి మీద బిగుసుకున్నాయి.

హెడ్‌ఫోన్లో గుసగుస. "ఊపిరి బిగపట్టండి. కదలొద్దు... అన్నయ్యా."

గుర్తుపట్టేసింది! నొక్కెయ్యాలా? పసుపుతాడు గుర్తొచ్చింది. ఆమెకు శరత్ ఇంకా పోలేదు. వాణ్ణి మింగిన చీకటికి ఈ పిల్ల చచ్చినా కాపలా కాయదు. వేళ్లు వదులు చేశాడు.

"వాడింకా చావలేదేం?" హెడ్‌ఫోన్లో తెల్లోడి గొంతు, వచ్చీరాని తెలుగులో.

"పవర్ ఫుల్‌గానే ఉందండీ, తెర చూడండి. నమ్మకం లేకపోతే మీరే వెళ్లి చూసుకోండి."

తెర మీదవి రాగిణి పెట్టిన దొంగ అంకెలు. ఆ సంగతి తెలియని పెద్దమనిషి పిస్తోలు పట్టుకునే లోపలికొచ్చాడు. రెండడుగులు వేశాడో లేదో, పిస్తోలు చేతిలోంచి ఊడి, గాల్లో ఎగిరి, ఠంగుమని మిషన్‌కు అతుక్కుపోయింది. జయదేవ్ మిషన్‌లోంచి జారి, బల్ల మీంచి దూకి వాడి మెడ ఒడిసిపట్టాడు.

తెర మీద స్టెంటు లోపల రక్తం తెల్లగా పారుతోంది. రాగిణి దాన్ని చూసి భోరుమంది.

"ఆయనది కూడా ఇలా కనపడుంటే అన్నయ్యా! అందుకే వాళ్లలో చేరినట్టు నటించా. మీవాళ్లకి చెప్తే నమ్మేవాళ్లా?"

"మరి ఈ తాడు?"

"రోజూ డ్యూటీకొస్తూ కట్టుకుంటా. ఆయనింకా ఈ గదిలోనే, రిపోర్టు కోసం కూర్చున్నట్టుంటుంది."

జయదేవ్ మూలనున్న ఖాళీ కుర్చీ వైపు చూడలేకపోయాడు.

చీఫ్ వస్తూనే మండిపడ్డాడు. "బంతెందుకు నొక్కలేదయ్యా?"

"టెక్నీషియన్‌గారు కదలొద్దన్నారు సార్."