నాలుగో ఆల్టర్నేటరు

విజయవాడ బెంజ్ సర్కిల్ హారన్లు మూడో అంతస్తు దాకా ఎగసి వచ్చి కిటికీ అద్దాన్ని అదిలిస్తున్నాయి. నఫీసా కుర్చీలో కూర్చోలేదు. గోడ నుంచి కిటికీకి, కిటికీ నుంచి గోడకు నడుస్తూనే మాట్లాడింది.

"సాయంత్రం అయిదింటికి మా ఆయన మీద పోలీసు కంప్లైంటు ఇస్తారంటండీ. ఇరవై రెండేళ్లుగా విమానాలు బాగుచేస్తున్న మనిషి. ఒక్కసారి ఆ మాట పడిందంటే లైసెన్సు పోయినట్టే."

"ఏ మాట?" అని అడిగింది శ్రీదుర్గ. ఒకప్పుడు ఆమె బీమా సర్వేయరు. కాలిన మిల్లులూ, మునిగిన లారీలూ చూసి చూసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నది.

"విమానాన్ని కావాలనే పాడుచేస్తున్నాడని."

అసిస్టెంటు అంతోని పెన్ను ఆగింది. గుణదల వాడైన అతనికి మేడం తెలివి మీద భక్తి, మేడం డ్రైవింగ్ మీద భయం. పది నిమిషాల్లో కారు హైవే మీద ఉంటుందని అతనికి తెలుసు.

హనుమాన్ జంక్షన్ దాటాక, చేపల చెరువుల నడుమ, సన్నని సిమెంటు రన్‌వే ఒకటి ఎండలో తళతళలాడుతున్నది. దాని చివర రేకుల షెడ్డు, షెడ్డులో నాలుగు సీట్ల తెల్లని విమానం. యజమాని గంగాప్రసాద్, రొయ్యల వ్యాపారి, దాని చుట్టూ తిరుగుతున్నాడు. నఫీసా భర్త కాశిం గోడవార నిలబడి, శుభ్రమైన చేతులనే మళ్లీ మళ్లీ గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"నాలుగు నెలలు, నాలుగు ఆల్టర్నేటర్లు!" అన్నాడు గంగాప్రసాద్. "ఇంజను తిరిగినంతసేపూ కరెంటు పుట్టించేది అదేనండీ. అది చస్తే బ్యాటరీ చస్తుంది, బ్యాటరీ చస్తే రేడియో. మొన్న సోమవారం కొల్లేరు మీద రేడియో మూగబోయింది. పక్క సీట్లో నా కూతురు! ఇంజను ఆగలేదు గనక దిగగలిగాను."

"కాశిం గారి మీదే అనుమానం ఎందుకు?"

"ఇంజను మూత తెరిచేది ఈయనొక్కడే. చెడిపోయిందీ ప్రతిసారీ శుక్రవారం తర్వాతే. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు మాయమవుతాడు."

"మాయమవడమేంటి సార్? జంక్షన్‌లో జుమ్మా నమాజుకెళ్తాను. షెడ్డు తాళం మీ ఇంట్లో ఇచ్చే కదా వెళ్తాను!" అన్నాడు కాశిం. "మేడం, బెల్టు బిగువు చూశాను. రెగ్యులేటరు మార్చాను. ఎర్త్ తీగలన్నీ కొత్తవి వేశాను. అన్నీ బాగానే ఉంటాయి, ఇదొక్కటే చస్తుంది."

చచ్చిన నాలుగింటినీ అతడు బల్ల మీద వరుసగా పెట్టాడు. నాలుగింటికీ ముందువైపు రంధ్రాల చుట్టూ తెల్లని పొక్కు, పొక్కు అంచున సన్నని పసుపు చార. శ్రీదుర్గ పొక్కును గోటితో గీకి, నాలుక కొసకు తాకించింది.

"మేడం!" అన్నాడు అంతోని హడలిపోయి.

"ఉప్పు."

"అయితే సముద్రపు గాలే!"

"గాలి అయితే తోకనూ తినాలి కదా అంతోనీ. తోక చూడు, అద్దంలా ఉంది."

ఆమె విమానం ముక్కు వద్దకు నడిచింది. గాలి పీల్చే రెండు రంధ్రాల్లో కుడిదాని కింది అంచున అదే పసుపు. గడియారం మూడున్నర చూపుతున్నది.

షెడ్డు పక్కనే ఇల్లు. వరండాలో గంగాప్రసాద్ తల్లి మంగాయమ్మ చేపలు తోముతున్నది. బందరు నుంచి మరిది పెద్దబ్బాయి పంపిన చేపలట. బుట్ట పక్కన, వాటితోపాటే వచ్చిన తెల్లని ప్లాస్టిక్ క్యాను, గూట్లో ఇత్తడి చెంబు. చెంబు లోపల తెల్లని గీత.

"మీ వారు సముద్రం మీద చనిపోయారని కాశిం గారు చెప్పారండీ," అన్నది శ్రీదుర్గ.

"ఆరోజు తొందరపడ్డాడమ్మా. చెయ్యాల్సింది చెయ్యకుండానే పడవ దింపాడు." ముసలామె మళ్లీ చేపల మీదికి వంగింది.

ఆల్టర్నేటర్లు చెడిన తేదీలు కాశిం రాసిచ్చిన చీటీ చేత పట్టుకుని, శ్రీదుర్గ గోడమీది తిథుల క్యాలెండరును చాలాసేపు చూసింది.

నాలుగున్నరకు మంగాయమ్మ, నఫీసాలతో సహా అందరూ షెడ్డులో చేరారు. గంగాప్రసాద్ జేబులో కంప్లైంటు కాగితం మడత కనిపిస్తున్నది.

"శుక్రవారాలు నెలకు నాలుగు," అని మొదలుపెట్టింది శ్రీదుర్గ. "చెడింది నెలకొక్కసారి. నాలుగు సార్లూ అమావాస్య దాటిన మొదటి శుక్రవారం తర్వాతే. కాశిం గారు నమాజుకు వెళ్లే వేళ, తాళం ఇంట్లో ఉండే వేళ, ఒకరు చెంబుతో ఇక్కడికి వస్తున్నారు. బందరు సముద్రపు నీటిలో పసుపు కలిపి ముక్కు మీద పోస్తున్నారు. కుడి రంధ్రం వెనకే ఆల్టర్నేటరు. ఉప్పునీళ్లు లోపలి రాగిని తిన్నాయి, బేరింగును పట్టేశాయి. పాడుచేయాలని కాదు, కాపాడాలని!"

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"అమావాస్య దాటిన తొలి శుక్రవారం పడవ ముక్కు తడపందే మావాళ్లు నీళ్లలోకి దించరు," అన్నది చివరికి. "మీ నాన్న ఒక్కరోజు మరిచాడు. నువ్వు ఆకాశంలోకి పోతుంటే నేనెలా ఊరుకుంటానురా? చెబితే నవ్వుతావని చెప్పలేదు. అయ్యో, నా మనవరాలి ప్రాణం మీదికి నేనే తెచ్చానా!"

"అమ్మా," అన్నాడు గంగాప్రసాద్.

"సార్," అన్నది నఫీసా, "కంప్లైంటు ఇప్పుడెవరి మీద ఇస్తారండీ?"

అతడు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, కాశిం ముందు చేతులు జోడించాడు. "తప్పు నాదే కాశిం గారూ. అడగాల్సిన మనిషిని అడగకుండా, అనకూడని మాట అన్నాను."

కాశిం తల పంకించాడు. అతడి చూపు మంగాయమ్మ మీదే ఉన్నది.

"మరి నేనెక్కడ పొయ్యను నాయనా?" అని ఆమె అతణ్ణే అడిగింది.

కాశిం బయట ఎండలో పరుచుకున్న సిమెంటు దారిని చూశాడు. "రన్‌వే మొదట్లో నేల మీద పొయ్యండి అమ్మగారూ. పడవ నీళ్లలోకి దిగే చోటు మనకదే. శుక్రవారం నేను నమాజు నుంచి వచ్చేదాకా ఆగండి. చెంబు నేను మోసుకొస్తాను."

ఆఫీసులోనూ షెడ్డులోనూ కూర్చోకుండానే ఉన్న నఫీసా, అప్పుడు పనిముట్ల పెట్టె మీద కూర్చున్నది.