టేపుల గదిలో గొంతు

ఆ టీవీ స్టేషన్లో అన్ని గదులూ మంచివే. ఒక్క టేపుల గదికే చెడ్డపేరు.

మెట్లు దిగి కిందికెళ్తే కారిడార్ చివర్లో ఉంటుంది. కిటికీల్లేవు. పగలంతా మా పిన్ని అక్కడే కూర్చుని టేపులు చూసుకునేది. రాత్రయితే మాత్రం జీతం పెంచుతామన్నా ఎవరూ అటు అడుగుపెట్టరు. తలుపుకి తాళం వేసే ఉంటుంది... లోపల లైటుండదు... ఉన్నట్టుండి ఒక మగగొంతు—

"పిచ్చుకా... లే... వేళయింది."

అంతే. మళ్ళీ నెలల తరబడి చప్పుడుండదు. పిల్లని పోగొట్టుకున్న తండ్రెవరో అక్కడ తిరుగుతున్నాడని చెప్పుకునేవాళ్ళు. ఒక సెక్యూరిటీ అయితే చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. మర్నాడు వాటికోసం కూడా రాలేదు, పాపం.

మా పిన్ని దెయ్యాల్ని నమ్మే రకం కాదు. మా బాబాయి మాటే నమ్మదు, ఇంక దెయ్యాలనేం నమ్ముతుంది? ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెప్తున్నా, నేను కల్పించిందేం లేదు.

ఒకరోజు సాయంత్రం వానలో తడుస్తూ ఒకావిడ వచ్చింది. లెక్కల టీచరట. నలభై దాటి ఉంటాయి. చిన్నప్పుడెప్పుడో చూసిన సీరియల్ వెతుక్కుంటోంది. పేరు గుర్తులేదు.

"గూఢచారుల కథండీ. పరాయి దేశం వాళ్ళు, మన వీధిలోనే మామూలు మనుషుల్లా ఉంటారు. ఒకాయన గడియారాలు బాగుచేస్తాడు, ఒకావిడ నర్సు. పెళ్ళిళ్ళు, పిల్లలు, అన్నీ ఉంటాయి. ఏళ్ళకేళ్ళు తామెవరో మర్చిపోయినట్టు నిద్రలో ఉన్నట్టే బతుకుతారు. ఒకరోజు ఫోనొస్తుంది. అవతల్నుంచి ఒక్క మాట... అంతే. తింటున్న కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోతారు."

"ఏంటమ్మా ఆ మాట?"

"అదే గుర్తులేదు. కానీ ఫోన్లో ఆ గొంతు... మా నాన్నదండీ."

చిన్నాచితకా వేషాలు వేసేవాడట ఆయన. ఇందులో మొహం కూడా కనపడదు. ఆవిడ ఇంకా పలకాబలపం పట్టే వయసులోనే పోయాడు.

"ఫొటోలు బోలెడున్నాయి. గొంతే లేదు. ఈమధ్య ఎంత గుర్తుచేసుకున్నా... రావట్లేదు. ఒక్కసారి వింటే చాలు."

అడగని మనిషి లేరట. అందరూ కలగన్నావేమో అన్నారు. తోడబుట్టిన అన్నే "నాన్న టీవీలో ఎప్పుడు చేశాడే?" అని నవ్వేశాడట.

పిన్నికి మనసు ఆగలేదు. ఇంటికెళ్ళే టైము దాటినా అరలన్నీ తిరగేసింది. దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. ఇక చెప్పక తప్పలేదు.

"చెరిపేసుంటారమ్మా. అప్పట్లో కొత్త టేపులు దొరికేవి కావు. ఒకదాని మీదే ఇంకోటి ఎక్కించేసేవాళ్ళు."

ఆవిడ తలూపింది, ఏడవలేదు. "అదే నాకు ఎక్కువ బాధేసిందే," అంటుంది పిన్ని. గదికి తాళం వేసి, పైకి తీసుకెళ్ళి టీ ఇప్పించింది. వాన తగ్గేసరికి బాగా చీకటిపడింది. తీరా గేటు దాకా వచ్చాక చూసుకుంటే, టీచరు గొడుగు కిందే ఉండిపోయింది.

ఇద్దరూ మళ్ళీ దిగారు. కారిడార్లో లైట్లు ఆర్పేసి ఉన్నాయి. పిన్ని తడుముకుంటూ తాళంచెవి తీసింది. అప్పుడు... తలుపవతల...

"పిచ్చుకా..."

పిన్ని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"...లే... వేళయింది."

టీచరు పిన్ని చేతిలోంచి తాళంచెవి లాక్కుని తలుపు తీసింది.

లోపల మూలన చిన్న ఆకుపచ్చ దీపం. ఆ వెలుగులో... మెషీన్లో ఒక టేపు మెల్లగా తిరుగుతోంది.

అసలు సంగతేంటంటే, పాత టేపులు ఊరికే పడుంటే అతుక్కుపోతాయి. అందుకని రాత్రి డ్యూటీ మెకానిక్కు ఒక్కడూ చీకటిపడగానే, ఎవరికీ చెప్పకుండా తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, వంతులవారీగా ఒక్కోటి పెట్టి, తాళమేసి పైకెళ్ళి కునుకు తీసేవాడు. ఇది కుట్టుపని పాఠాల టేపు. పాఠం అయిపోయినా టేపు ఇంకాస్త మిగిలింది. దాని మీద ఏమీ ఎక్కించలేదు కాబట్టి, అడుగున ఉన్న సీరియల్ ముక్క అలాగే ఉండిపోయింది. సౌండు బాగా తగ్గించి పెట్టేవాడు కాబట్టి మిగతావేవీ తలుపు దాటి వినపడేవి కావు, ఈ ఒక్క మాటే గట్టిగా రికార్డయి ఉంది.

"ఓసి నీ దుంపతెగా, ఇదా ఇన్నేళ్ళ దెయ్యం! ఈ గొంతుకా అందరూ పారిపోయింది!" అని పిన్ని గట్టిగా నవ్వేసింది. నవ్వుతూ వెనక్కి తిరిగితే, టీచరు నేలమీద కూలబడి ఉంది.

"పిచ్చుకంటే నేనేనండీ," అంది గుసగుసగా. "బడికి లేవకపోతే అలాగే లేపేవారు. సీరియల్ వాళ్ళు ఏదో ఒక మాట పెట్టమని ఉంటారు... ఏం తోచక నా పేరు పెట్టేసుంటారు."

పిన్ని నవ్వు ఆగిపోయింది.

"ఇన్నేళ్ళ నుంచి పిలుస్తూనే ఉన్నారు. అందరూ పారిపోయారు. నేనేమో రానేలేదు."

పిన్ని గబగబా టేపు వెనక్కి తిప్పింది. టీచరు ఫోను తీసి మెషీను దగ్గర పెట్టింది. కుట్టుపాఠం అయిపోయింది. తర్వాత... ఉత్త గరగర. ఇంకోసారి తిప్పారు, మళ్ళీ గరగరే. మెషీను మీద చెయ్యిపెడితే పిన్ని వేళ్ళకి గోధుమరంగు పొడి అంటుకుంది. టేపు చివర గొంతు ఉన్న చోట పొర రాలిపోయింది.

టీచరు ఆ గరగర చివరిదాకా వింది. మెషీను మీదికి వంగి మెల్లగా అంది.

"లేచాను నాన్నా."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ టేపు తర్వాత కూడా చాలాసార్లు ఆడింది. ఆ గొంతు మాత్రం మళ్ళీ ఎవరూ వినలేదు. అరిగిపోయిందే, ఇంకేముంది, అంటుంది పిన్ని. అనేసి కళ్ళు తుడుచుకుంటుంది. నాకు మాత్రం వేరేలా అనిపిస్తుంది... కూతురు లేచింది కదా, ఇంక పిలవడం దేనికని ఆయనే మానేసుంటాడు.