గురివి, కూయని పుంజు, ఏడుగురు వైద్యులు

తామ్రచూడపురం కోటకు ఒకటే తలుపు. దానికి తాళం లేదు. రాజుగారి పుంజు అగ్నిచూడుడు పొద్దున కూస్తే తెరుచుకుంటుంది, మునిమాపున కూస్తే మూసుకుంటుంది. అంత రాతికోటను ఒక కోడి గొంతుకు కట్టిన పూర్వపు రాజుల తెలివిని పొగడటం నా వల్ల కాదు.

ఒకనాడు ఆ పుంజు కూయడం మానేసింది. తలుపు తెరుచుకోలేదు. బయటి నీళ్లు అందక కోటలోని బావులు అడుగంటాయి. ఏడుగురు రాజవైద్యులు పంజరానికి పది బారల దూరంలో నిలబడి, ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకొని చూసి, "ఇది దండకి రాక్షసి శాపం" అని తేల్చారు. మాకు తెలియదు అనడం కన్నా అది సులువు. శాపం తగలనిచ్చాడని, పుంజును మేపే వీరదాసును చెరలో వేశారు. పౌర్ణమికల్లా పుంజు కూయకపోతే అతణ్ణి బురుజు మీద నుంచి తోసేస్తారు.

వీరదాసు కూతురు గురివి పుంజును చూడబోతే పెద్దవైద్యుడు శలాకుడు కసిరాడు.

"గింజలు చల్లేదానివి, శాపం సంగతి నీకేం తెలుసే? అవతలికి పో!"

ఇక రాక్షసినే బతిమాలాలని గురివి తూములోంచి దూరి అడవికి బయలుదేరింది. ఆ తూములో వైద్యుల బొజ్జ ఒక్కటీ పట్టదు.

అడవి మొదట్లో ఒక ముని తపస్సు చేస్తున్నాడు. పక్కన వీపు బోడిదైన పెట్ట ఒకటి ఒళ్లంతా పొడుచుకుంటోంది.

"పూర్వజన్మలో ఇది దొంగ. ఆ పాపమే దురదైంది" అన్నాడు ముని.

గురివి దాని రెక్క ఎత్తింది. ఈకల మొదళ్లలో నువ్వులు చల్లినట్టు పేలు.

"పాపం కాదు సామీ, పేలు. హోమం బూడిద చల్లారినాక గుంటలో పోసి దీన్ని పొర్లనియ్యి. గూట్లో పాత గడ్డి తీసి తగలబెట్టు."

ముని గడ్డం గోక్కున్నాడు. ఆ గడ్డం సంగతి నేను చెప్పను. రాక్షసి గుహ ఏటికి అవతల ఉందని దారి మాత్రం చూపించాడు.

ఏరు సలసల మరుగుతోంది. ఒడ్డున రెండు తలల గండభేరుండం కదలలేక కూలబడి ఉంది.

"దిష్టి తగిలింది" అంది ఒక తల.

"నీ మొహం, శని పట్టింది" అంది రెండోది.

"రెండు తలలుండి కాళ్లెట్టున్నాయో ఒక్కటీ చూసుకోలేదా?" అంది గురివి.

కాళ్ల పొలుసులు లేచి సున్నం గడ్డకట్టినట్టున్నాయి. వాటి కింద కంటికానని పురుగు చేరింది. పీకితే నెత్తురొస్తుందని, గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, కానుగ గింజలు నూరి తీసిన నూనె పట్టించింది. మామూలు కోడికైతే వారాలు పడుతుంది. అది మాయపక్షి కనుక మూడు పూతలకే లేచి, ఆమెను వీపు మీద ఏరు దాటించింది.

దండకి గుహ ముందు కొండంత రాక్షసి కూర్చొని ఏడుస్తోంది. చుట్టూ కోడిపిల్లలు ఈకలు ఉబ్బించుకొని మునగదీసుకున్నాయి. రెట్టలో నెత్తురు.

"ఎవతెవే? తినేస్తా!"

"తిందువుగాన్లే అవ్వా. ముందు ఆ తడి ఊక ఎత్తిపొయ్యి. నీళ్లకుండలోనే రెట్ట పడతంటే పిల్లలెట్టా బతుకుతయ్యి?"

జబ్బువాటిని వేరు చేసి, పొడి ఊక పోసి, నీళ్లు ఎత్తులో పెట్టి, గురివి రెండు రోజులు అక్కడే ఉంది. బాగా నీరసించినవి నాలుగు చచ్చాయి. మిగిలినవి మేతకు లేచాయి. అప్పుడు పుంజు సంగతి చెప్పింది.

రాక్షసి పకపక నవ్వింది. "మీ పుంజుని నేనెందుకు శపిస్తానే? దాన్ని ఎవరన్నా పట్టుకొని చూశారా?"

గురివికి సిగ్గేసింది. దారిలో కనబడ్డ పక్షులన్నిటినీ తడిమింది గానీ, ఇంటి పుంజును తడమకుండానే, చూడనివాళ్ల మాట నమ్మి ఇంత దూరం వచ్చింది.

"అవ్వా, రేపే పౌర్ణమి. మా నాయన్ని చంపేస్తారు."

రాక్షసి ఆమెను అరచేతిలో పెట్టుకొని మూడంగల్లో కోట చేరి, గోడ మీదుగా లోపల దించింది.

"ముట్టుకోకు! శాపం!" అని శలాకుడు అరిచాడు.

"శాపం పెట్టినావిడ గోడవతలే ఉంది. పోయి అడుగు."

గోడ మీద నుంచి గంగాళమంత కన్ను తొంగిచూసింది. ఏడుగురూ గాదెల కిందికి దూరారు.

గురివి పుంజును ఒళ్లోకి తీసుకొని మెడ కింద నొక్కింది. మేతసంచి రాయిలా ఉంది. నోరు పులిసిన వాసన. నాలుగు చుక్కల వెచ్చని నూనె పోసి, వేళ్లతో మెల్లగా పిసుకుతూ కూర్చుంది. చాలాసేపటికి నోట్లోకి ఎర్రటి దారం కొస వచ్చింది. లాగకుండా పిసుకుతూ పోతే ఉండగా చుట్టుకున్న పట్టుదారాలు బయటపడ్డాయి. పుంజు ఆరోగ్యం కోసమని వైద్యులు పండగపండక్కీ పంజరానికి కట్టే రక్షలవి. పుంజు పురుగులనుకొని మింగింది.

అప్పటికి తెల్లవారుతోంది. పుంజు తల విదిలించింది. రెక్కలు టపటపలాడించి కూసింది. కోట తలుపు తెరుచుకుంది. వీరదాసు చెరనుంచి నడుచుకుంటూ వచ్చాడు.

"అర్ధరాజ్యం ఇస్తాను" అన్నాడు రాజు.

"రాజ్యం తర్వాత. ఈ ఏడుగురూ రోజూ పొద్దున ఒక్కో కోడిని చేత్తో పట్టుకొని చూడాలి. తర్వాతే అన్నం."

రాజు ఆమెనే పెద్దవైద్యురాలిని చేశాడు. ఆమె పెద్దదయ్యాక యువరాజు పెళ్లాడతానన్నాడు. ఆర్నెల్లు కోళ్లగూళ్లు ఊడ్వమంది. ఊడ్చాడు. పెళ్లి జరిగింది. మూలలు కూడా వదలకుండా ఊడ్చాడని విన్నాను. రాజుల్లో అంతకన్నా ఏం కావాలి?