రెండో పోర్టు

కేతేపల్లి రైస్ మిల్లులో రంగు మారిన గింజల్ని ఏరిపారేసే కలర్ సార్టర్‌కు కొత్త కంప్యూటర్ బోర్డు బిగించడానికి విజేందర్ నల్లగొండ నుంచి వచ్చాడు. రాగానే ఆ మిషన్ నడిపే మల్లీశ్వరి అడ్డం నిలబడింది. ఏ రకం బియ్యానికి ఎంత వెలుతురు, ఎంత గాలి కావాలో రెండు పంటల కాలం కుస్తీపట్టి కుదుర్చుకున్న సెట్టింగులన్నీ పాత డిస్కులోనే ఉన్నాయని, ఒక్కటి పోయినా ఊరుకోనని గట్టిగానే చెప్పింది.

"మీది మీకు అప్పజెప్పినంకనే పోత," అన్నాడు విజేందర్.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆమె పక్కనే స్టూలు వేసుకుని కూచుంది. వానకు తడిసిన జడ దులుపుకుంది. పొద్దున ఏమన్నా తిన్నారా అని అడిగింది. ఇక మనవాడి చేతులు ఒకచోట, చూపులు ఒకచోట. మునుపు మరమ్మతులకు వచ్చినప్పుడూ ఇదే వరస. కొత్త చిన్న డిస్కును బోర్డు మీది గాడిలో స్క్రూతో బిగించాడు, పాత డిస్కు కేబులును రెండో పోర్టుకు గుచ్చాడు, మిషన్ ఆన్ చేశాడు. తెర మీద కొత్త డిస్కు ఒక్కటే కనబడింది. పాతదాని జాడ లేదు.

మల్లీశ్వరి మొహం పాలిపోయింది.

"నా తప్పే. నిన్న సాయంత్రం తొందరల మిషన్‌ను పద్ధతిగ బంద్ చెయ్యలే. గప్పుడే ఖరాబయినట్టుంది."

ఇందాకటి దాకా గదమాయించిన పిల్ల కళ్లలో నీళ్లు చూసి విజేందర్ ప్రాణం ఉసూరుమంది. అప్పుడు గుర్తొచ్చింది. గాడిలో డిస్కు పెడితే ఈ బోర్డుకు రెండో పోర్టు పనిచేయదు. ఎన్నో మిల్లుల్లో బిగించిన బోర్డే, కళ్లు మూసుకుని చెప్పగల సంగతే. చప్పుడు చేయకుండా కేబులు మార్చేస్తే తన పరువు దక్కుతుంది.

అంతలో మిల్లు యజమాని నూరుద్దీన్ సేట్ వచ్చి ఏమైందని అడిగాడు. మల్లీశ్వరి తల వంచుకుని, డిస్కు తన చేతిలోనే చెడిందని చెప్పబోయింది.

"ఆమె తప్పేం లేదు సేట్," అన్నాడు విజేందర్. "నేనే కేబుల్ తప్పు జాగల పెట్టిన. జరసేపట్ల అయిపోతది."

ఇన్ని బోర్డులు బిగించినవాడివి ఇంత మాత్రం ఎట్లా మర్చిపోయావని సేట్ మందలించి, జవాబు కోసం ఆగకుండా లారీ దగ్గరికి పోయాడు. విజేందర్ మిషన్ ఆపి కేబులును ఒకటో పోర్టుకు మార్చాడు. ఈసారి రెండు డిస్కులూ కనబడ్డాయి. సెట్టింగులు కొత్త డిస్కులోకి ఎక్కాయి. మల్లీశ్వరి వాటిని ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. మిషన్ నడిచాక పిడికెడు బియ్యం అరచేతిలో పరిచి చూసింది. అప్పటికి గాని ఆమె మనసు కుదుటపడలేదు.

అతను సంచి సర్దుకుంటుంటే దగ్గరికి వచ్చింది.

"సేట్‌కు జవాబు చెప్పకపోతిరి. ఎట్ల మర్చిపోయిండ్రు?"

విజేందర్ స్క్రూడ్రైవర్‌ను సంచిలో పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. ఇంక దాచి లాభం లేదనిపించింది.

"నువ్వు పక్కన కూసుంటివి. నాకు బోర్డు కనవడలే. ఇయ్యాల్నే కాదు, వచ్చినప్పుడల్లా గిట్లనే అయితాంది."

రేకుల మీద వాన జోరందుకుంది.

"కొత్త బోర్డు పెడితివి. ఇగ మిషన్ ఖరాబు కాదా?" అంది మెల్లగా.

"కాదు."

"అయితే నీకు ఈడ పని లేనట్టే."

అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆమె అరచేతిలోని బియ్యాన్ని కుప్పలో వేసి, చేతులు దులుపుకుంది.

"ఐతారం మా బాపు ఇంటికాడనే ఉంటడు," అంది. "వచ్చి మాట్లాడు."