పలకల బురదలో మంచు పాఠం

గురునాథం గారి కొత్త కారు తోలడానికి నేను మొదటిసారి కూర్చున్న రోజే ఆయన నుదురు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. తప్పు నాది కాదు, నా ఎడమ కాలిది.

మార్కాపురంలో డ్రైవింగ్ స్కూలు పెట్టి ఆరేళ్ళయింది. మా నాయన కిరాణా కొట్టు వద్దనుకుని స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి. బండి కదిలితే చాలు, నా ఎడమ కాలు క్లచ్ కోసం తనంతట తానే వెతుక్కుంటుంది. ఈ కారులో క్లచ్ లేదు. వెడల్పాటి బ్రేకు మాత్రం ఉంది. అలవాటు కొద్దీ దాన్ని బలంగా తొక్కేశాను. పూజ చేసి చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు కూడా సగమే నలిగాయి.

"బాబాయ్, దెబ్బ తగిలిందా?" అన్నాను కంగారుగా.

వెనక సీటులో ఎవరో కిసుక్కున నవ్వారు. "క్లచ్ వెతుకుతున్నారా? కంపెనీవాళ్ళు పెట్టలేదండీ. పుస్తకంలో రాసినారు, చదివేదా?"

గురునాథం గారి కూతురు వసుంధర. ఒళ్ళో కారుతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకం.

"మూడు వందల మందికి డ్రైవింగ్ నేర్పినా. నాకు పుస్తకం చదివి చెప్తారా?"

"మూడు వందల మందికీ బ్రేకు ఇట్లనే నేర్పినారా?"

గురునాథం గారు నుదురు రుద్దుకుంటూ, "సీవీటీ అబ్బాయ్ ఇది, సీవీటీ. ఆషామాషీ బండి కాదు," అన్నారు.

సీవీటీ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి గేర్లు లేని కారు కొన్నారు. కొత్త రాష్ట్రం వచ్చి అప్పటికి ఏడాది. రాజధాని సింగపూర్ అయిపోతుందని టీవీలు రోజూ చెబుతున్నాయి. "కొత్త రాష్ట్రంలో పాత కారేంది?" అని ఆయన బజారంతా చెప్పుకుంటూ తిరిగారు. మా రోడ్ల గుంతలు మాత్రం పాత రాష్ట్రంవే.

సీవీటీ సంగతి నాకు వసుంధరే చెప్పింది. "మామూలు గేర్లు మెట్లెక్కినట్టు. ఇందులో మెట్లుండవు, బెల్టు మీద వాలులో పోయినట్టు వేగం మారుతాది. కుదుపుండదు." బెంగుళూరులో చదువుకునేటప్పుడు ఇలాంటి కారు మీదే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుందట. ఇప్పుడు కంభంలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. రోజూ తనే కారులో వెళ్ళొస్తానంటుంది.

"ఆడపిల్ల ఒక్కతే కారు తోలుకుని కంభం పోతే జనం ఏమంటారు?" అన్నారు గురునాథం గారు.

"మైలేజ్ ఎంతని అడుగుతారు నాయనా."

చివరికి ఆయన ఒక తీర్పు చెప్పారు. నెల రోజులు ఆమె తోలుతుంటే నేను పక్కన కూర్చుని చూడాలి. ఆఖరి రోజు కంభం దాకా పోయి రావాలి. పాసయితే కారు తాళం వసుంధరది. ఫెయిలయితే నేనే డ్రైవర్ని.

"డ్రైవర్ రాని రోజు?" అని అడిగింది వసుంధర.

"లీవు పెట్టు."

"నా ఉద్యోగానికి ఇంకొకరి కాలెందుకు నాయనా?" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు నాకు కనిపించాయి.

ఆ నెలలో ఆమె పుస్తకం మొత్తం బట్టీ పట్టింది. 'మంచులో కారు నడపడం' అనే పాఠం కూడా వదల్లేదు.

"మార్కాపురంలో మంచు కావాలంటే ఐస్ బండి కాడికి పోవాల," అన్నాను.

"నవ్వండి. రాసినోడు పనిలేక రాయలేదు."

ఆ నెలలోనే నేను ఆమెను ప్రేమించేశాను. దాచడానికేముంది? ఆమె ఫెయిలయితే రోజూ కంభం దాకా పక్క సీటు. పాసయితే నాతో పనే ఉండదు. పైగా మొదటి రోజు తొందరలో వాళ్ళ నాయనను బాబాయ్ అనేశాను. నెలంతా అదే పిలుపు సాగింది. ఆ లెక్కన నేను ఆమెకు అన్నను. నా నోరు కూడా నా ఎడమ కాలు లాంటిదే.

ఆఖరి రోజు వాన కురిసింది. మా ఊరి రాతి పలకల ఫ్యాక్టరీల దారిలో రెండు పక్కలా పలకలు కోసిన పొడి కుప్పలు. అదంతా తడిసి రోడ్డు మీదికి జారింది. ఎటు చూసినా బూడిద తెలుపు బురద. ఆ బురదలో లారీలు అడ్డం తిరగడం నేను చాలాసార్లు చూశాను.

దిగుడు మొదలు కాకముందే వసుంధర లివర్‌ను, ఇంజినే బండిని నెమ్మదిగా పట్టి ఉంచే 'ఎల్'కు మార్చింది.

"ఇప్పుడెందుకది?"

"మంచు పాఠం," అంది.

సగం దిగేసరికి ఎదురుగా పలకల ట్రాక్టరు, బురదలో దిగబడి ఆగిపోయి ఉంది. మా కారు వెనక భాగం కొంచెం పక్కకు జారింది. "బ్రేక్! బ్రేక్!" అని అరిచాను. నా ఎడమ కాలు కారు నేలను తొక్కుతూనే ఉంది.

ఆమె బ్రేకు జోలికి పోలేదు. ఎక్సలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుంది. కారు దానంతట అదే నెమ్మదించి దారికొచ్చింది. ట్రాక్టరును జానెడు దూరంలో దాటి, అవతలి ఎత్తు కుదుపు లేకుండా ఎక్కింది. నేనయితే బ్రేకు తొక్కి ఈపాటికి పలకల మధ్య ఉండేవాణ్ణి.



కంభంలో టీ తాగుతూ అడిగింది. "నేను ఫెయిలయితే మీకు ఉద్యోగమే గదా?"

"అవును."

"మరి నాయనకు ఏం చెప్తారు?"

"పాసనే చెప్తా. మీరు నాకంటే బాగా తోలినారు."

ఆమె గ్లాసు కింద పెట్టి రోడ్డు వైపు చూసింది. "చెప్పండి. కానీ మా నాయనను బాబాయ్ అనేది మానుకోండి. నెల రోజులుగా వినలేక చస్తా ఉండా."

నేను టీ గ్లాసు బోర్లించుకున్నాను. ఆమె నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తిరిగొచ్చేసరికి కారు సున్నం కొట్టిన గోడలా ఉంది. గేటు దగ్గర గురునాథం గారు, ఆయన భార్య కోటిరత్నమ్మ నిలబడి ఉన్నారు. ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. గీత కూడా పడలేదు.

"ఏంది అబ్బాయ్, పాసా ఫెయిలా?"

పక్క సీటు, రోజూ కంభం దారి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వసుంధర తాళం పిడికిట్లో బిగించి నన్నే చూస్తోంది.

"పాస్," అన్నాను. వెంటనే, "పాస్, మామా," అన్నాను.

కోటిరత్నమ్మ ముందు కూతురి చెవులు చూసింది, తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి నడుస్తూ, "ఇంకో గ్లాసు కాఫీ పెడతా ఉండా," అంది.

గురునాథం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మీ గోత్రమేంది అబ్బాయ్?"

నిలబడ్డ చోటే నా ఎడమ కాలు నేలను గట్టిగా తొక్కింది.